పశుసంవర్ధక డిప్లొమా: ఖర్చు, జీతం – అపోహలు, వాస్తవాలు

పదో తరగతి పూర్తిచేసిన పల్లె విద్యార్థులకు అందుబాటులో ఉన్న వృత్తి చదువులలో రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి కేంద్రంగా 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఈ కోర్సును పాలిటెక్నిక్‌ల ద్వారా నడుపుతున్నాయి. పశువైద్యుడికి చేదోడుగా నిలిచి టీకాలు, ప్రథమ చికిత్స, కృత్రిమ గర్భధారణ వంటి పనులు చేసే సిబ్బందిని తయారుచేయడం దీని ఉద్దేశం. దీనికయ్యే ఖర్చు గురించీ, దీనివల్ల వచ్చే రాబడి గురించీ ఊళ్లలో వినిపించే లెక్కలు చాలావరకు సగం లెక్కలే. వాటిని నమ్మి పదిహేనేళ్ల పిల్లల చదువును నిర్ణయించడం వారికి అన్యాయం చేయడమే.

అపోహ: డిప్లొమా ఉంటే ఊళ్లో డాక్టరుగా బతకవచ్చు.

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేసే హక్కు రిజిస్టరైన పశువైద్యులదే. అదే చట్టంలోని 30వ సెక్షను, డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న సహాయకులకు రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో, రిజిస్టరైన పశువైద్యుని పర్యవేక్షణలో ‘చిన్నతరహా సేవలు’ అందించే వీలు కల్పించింది. టీకాలు వేయడం, కోడెలకు విత్తుకొట్టడం, గాయాలకు కట్లు కట్టడం, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన మరికొన్ని ప్రాథమిక చికిత్సలు ఈ కోవలోకి వస్తాయి. శస్త్రచికిత్సలు, స్వతంత్ర రోగనిర్ధారణ వంటి పనుల నుంచి వచ్చే రాబడిని ఈ చదువు ప్రతిఫలంలో కలిపి చూపడమంటే, చట్టం ఇవ్వని ఆదాయాన్ని ఉన్నట్టు చూపడమే.

అపోహ: ఫీజు తక్కువ కాబట్టి పోయేదేమీ లేదు.

ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలో ఫీజు తక్కువన్న మాట నిజమే కానీ ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. హాస్టలు, భోజనం, రాకపోకలు, యూనిఫారం, పుస్తకాలు రెండేళ్లపాటు నెలనెలా పడే భారం. ప్రైవేటు కళాశాలలో సీటు వస్తే ఫీజే వీటన్నింటినీ మించవచ్చు. ఇవన్నీ కలిపి లక్షన్నర అయిందనుకుంటే, నెలకు 15,000 రూపాయల ఉద్యోగంలో అది పది నెలల పూర్తి జీతంతో సమానం. తిండికీ అద్దెకూ పోను నెలకు 5,000 మిగిల్చినా ఆ సొమ్ము తిరిగి రావడానికి రెండున్నరేళ్లు పడుతుంది.

డబ్బు రూపంలో కనిపించని ఖర్చు ఇంతకన్నా పెద్దది. పశువైద్య పట్టాకు, అంటే ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు సాగే బి.వి.ఎస్సీ. కోర్సుకు, ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి ఉండాలి. పదో తరగతి తర్వాత నేరుగా డిప్లొమాలో చేరిన విద్యార్థి ఆ అర్హతకు దూరమవుతాడు. డాక్టరు కావాలన్న కోరిక తర్వాత కలిగితే మళ్లీ ఇంటర్ నుంచి మొదలుపెట్టాలి. ‘ముందు డిప్లొమా చేసి, ఆ పైన డాక్టరు కోర్సు చూద్దాం’ అని చెప్పే పెద్దలు మంచి మనసుతోనే చెబుతారు గానీ, ఆ సలహాకు పిల్లలు చెల్లించేది కనీసం రెండేళ్ల వయసు.

అపోహ: చదువు పూర్తికాగానే ప్రభుత్వ ఉద్యోగం ఖాయం.

ఈ నమ్మకానికి ఊపిరి పోసింది 2019. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల కోసం 9,886 పశుసంవర్ధక సహాయకుల పోస్టులను ఒక్కసారిగా ప్రకటించడంతో, అంతవరకు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ డిప్లొమాకు గిరాకీ వచ్చింది. అయితే అది కొత్త వ్యవస్థను నెలకొల్పిన సందర్భంలో జరిగిన నియామకమే తప్ప ఏటా జరిగేది కాదు. భర్తీకాకుండా మిగిలిన పోస్టులకు 2020 జనవరిలో మళ్లీ నోటిఫికేషన్ ఇచ్చాక, తర్వాతిది 1,896 పోస్టులతో 2023 చివరలో గానీ రాలేదు. డిప్లొమా ఉన్నవారితో పాటు ఇంటర్ వృత్తివిద్యలో పశువైద్య సహాయక కోర్సు చదివినవారూ ఈ పోస్టులకు అర్హులే. జీతం విషయానికొస్తే, 2019 అక్టోబరులో చేరినవారికి ప్రొబేషన్ కాలమంతా, అంటే ఉద్యోగం ఖరారయ్యే ముందు పరీక్షాకాలమంతా, నెలకు 15,000 స్థిర వేతనమే ఇచ్చారు. రెండేళ్లన్న ఆ కాలం సాగి సాగి, 22,460 రూపాయల మూలవేతనంతో మొదలయ్యే స్కేలు 2022 జులైలో గానీ అందలేదు. పెట్టిన ఖర్చు రాబట్టుకునే లెక్కలో ఇలాంటి జాప్యాన్ని తప్పక చేర్చుకోవాలి.

అపోహ: ఉద్యోగం రాకపోయినా ‘ఎద సూది’ వేస్తే చాలు, బోలెడు సంపాదన.

కృత్రిమ గర్భధారణ సేవకు డిప్లొమా తప్పనిసరి కాదు. రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద సుమారు మూడు నెలల శిక్షణతో తయారయ్యే ‘మైత్రి’ కార్యకర్తలు, వారికన్నా ముందు నుంచి ఉన్న గోపాలమిత్రలు ఈ పనే చేస్తున్నారు. మైత్రి కార్యకర్తకు నెలజీతం ఉండదు. రైతు ఇచ్చే సేవారుసుమే ఆధారం. వీర్యనాళికలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిల్వ ఉంచాలి, అది ఆవిరయ్యేకొద్దీ నింపుకుంటూ ఉండాలి, ఉదయం ఎదకు వచ్చిన పశువుకు సాయంత్రానికల్లా సూది పడేలా బండి మీద తిరగాలి. ఇంత చేసినా మన పల్లెల్లో ఒకసారి సూదితో చూడి కట్టేవి సుమారు మూడింట ఒక వంతే. కట్టకపోతే రైతు రెండోసారి డబ్బివ్వడానికి వెనకాడతాడు. పాడి పశువులు చిక్కగా ఉన్న ఊళ్లలో ఈ వృత్తి నిలదొక్కుకోవచ్చు గానీ, మెట్ట ప్రాంతాల్లో పెట్రోలు ఖర్చే రాబడిని మింగేస్తుంది.

అపోహ: అమెరికా వెళితే ఈ డిప్లొమాకే డాలర్లు వస్తాయి.

అక్కడ పశువైద్య టెక్నీషియన్ల జాతీయ పరీక్ష రాయాలంటే సాధారణంగా అమెరికన్ పశువైద్య సంఘం గుర్తించిన కోర్సు చదివి ఉండాలి. పైగా అక్కడ కూడా ఇది పెద్ద జీతాల వృత్తి కాదు: 2024 మే నాటి ప్రభుత్వ గణాంకాల ప్రకారం టెక్నీషియన్ల మధ్యస్థ వార్షిక వేతనం 45,980 డాలర్లు కాగా, పశువైద్యులది 1,25,510 డాలర్లు.

అపోహ: టీకాలు, కట్లు తేలిక పని కాబట్టి తక్కువ జీతం సరిపోతుంది.

అన్నింటికన్నా హాని చేస్తున్న అపోహ ఇదే. పశువులు ఈసుకుపోవడానికి, అంటే నెలలు నిండకముందే గర్భం పోగొట్టుకోవడానికి, కారణమయ్యే బ్రూసెల్లోసిస్ మనుషులకూ సోకుతుంది. దాని నివారణకు నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు వేసే ఎస్19 టీకాలో ఉండేది బలహీనపరిచిన సజీవ సూక్ష్మక్రిమి. దూడ గింజుకున్నప్పుడు ఆ సూది సహాయకుడి చేతికి గుచ్చుకున్నా, మందు కంట్లో చిమ్మినా అతనికే జబ్బు రావచ్చు. జ్వరం, రాత్రి చెమటలు, కీళ్లనొప్పులు నెలల తరబడి పీడించవచ్చు. చికిత్సకు కనీసం ఆరు వారాలపాటు రెండు రకాల యాంటీబయాటిక్‌లు వాడాలి. ఈసుకుపోయిన పశువు మావిని చేత్తో తీయడం, పిచ్చికుక్క కరిచిన గేదె నోట్లో చెయ్యి పెట్టి చూడడం కూడా ఇలాంటి ప్రమాదాలే. చేతి తొడుగులు, కళ్లద్దాలు, కాటుకు ముందే వేయించుకునే రేబిస్ టీకా ఇవ్వడం పని చేయించుకునేవారి బాధ్యత. వాటిని సహాయకుడు సొంత డబ్బుతో కొనుక్కోవలసి వస్తే ఆ మేరకు జీతం తగ్గినట్టే లెక్కగట్టాలి. జబ్బుపడిన ఆరు వారాలకు వేతనంతో కూడిన సెలవు దొరుకుతుందో లేదో ఉద్యోగంలో చేరే ముందే తెలుసుకోవాలి.