పెన్సిలుగీతల విలువ

పుస్తకమును చదువుట అందరును ఎరిగినదే; పుస్తకమును ఆడుట కొందరే ఎరుగుదురు. 1974లో అమెరికాయందు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడను వెలువరించిరి. ఒకరు అద్భుతలోకమును వర్ణింతురు. తక్కినవారు అందలి పాత్రలై పలుకుదురు. జయాపజయములను పాచికలు తేల్చును.

మూలగ్రంథములు నియమములను చెప్పినవేగాని, సంచరించుటకు నగరమును చూపలేదు. ఆ కొరతను తీర్చినవారు బయటివారు. 1976లో ఇల్లినాయిస్ రాష్ట్రమందలి డికేటర్‌లో బాబ్ బ్లెడ్‌సా, బిల్ ఓవెన్ స్థాపించిన ‘జడ్జెస్ గిల్డ్’ సంస్థ ‘అజేయాధిపతి నగరరాజ్యము’ అను కల్పితనగరమును వీథివీథిగా, అంగడి అంగడిగా చిత్రించి యిచ్చినది.

నేడు ఆ ప్రతులను సేకరించువారు కలరు. మచ్చలేని ప్రతికి వెల హెచ్చు. పెన్సిలుగీతలున్న ప్రతికి తక్కువ. కాని ఆ వీథులలో ఒకనాడు కొందరు మిత్రులు నడచిరనుటకు ఆ గీతలే సాక్ష్యము. వాడినచో కాగితము నలుగును. వాడకున్న నగరము నిద్రించును. కావున వివేకియగు సేకర్త మూలమును భద్రపరచి, నకలును బల్లపై పరచి పాచికలు వేయును.