పైరుకు నాలుగు నెలలు, మొక్కకు నాలుగేళ్లు

ఆత్మకూరు నుంచో దోర్నాల నుంచో శ్రీశైలం వెళ్లే దారిలో, నల్లమల అడవి మొదలయ్యే ముందు ఊళ్ల పొలిమేరలను కాస్త గమనించాలి. తరతరాలుగా మేకలు, గొర్రెలు తిరిగిన ఆ బీళ్లలో కంచె లేకుండా, కాపలా లేకుండా పచ్చగా నిలిచినవి కొన్నే: సీతాఫలం, వావిలి, తంగేడు, జెముడు. ఎందుకు నిలిచాయో సీతాఫలం ఆకును నలిపి వాసన చూస్తే ముక్కే చెబుతుంది. ఆ ఆకులోనూ గింజలోనూ చేదు, విషగుణం ఉన్న పదార్థాలున్నాయి. ఆకలితో ఉన్న మేక కూడా మూతి ఆనించి వదిలేస్తుంది. అందుకే నల్లమల సీతాఫలాలు ఎవరూ కాపలా కాయకపోయినా దసరా దాటేసరికి గంపలకెత్తుతాయి. అదే నేలలో మామిడి అంటు నాటి చూడండి. బతికించుకోవడం నీళ్ల కంటే మేత గండంతోనే పెద్ద పోరాటమవుతుంది.

ఆ గండం అన్ని జీవాలతోనూ ఒకేలా ఉండదు. ఆవుకు పై దవడలో ముందు పళ్లు లేవు. నాలుకతో కొమ్మను చుట్టి లాగుతుంది, అప్పుడే వేరు పట్టిన మొక్కయితే పెళ్లగిలి వస్తుంది. గొర్రె నేల మీది గడ్డికే ఎక్కువ మొగ్గు చూపుతుంది, గడ్డి లేనప్పుడే చిగురు వైపు తల ఎత్తుతుంది. మేక సంగతి వేరు. దాని పై పెదవి వేలిలా కదులుతుంది, ముళ్ల మధ్య నుంచి కూడా ఒక్కొక్క ఆకునూ ఏరుకోగలదు. వెనక కాళ్ల మీద లేచి నిలబడితే ఐదారు అడుగుల ఎత్తు దాకా అందుకుంటుంది. ఆకులు అయిపోతే బెరడు ఒలుస్తుంది. కాండం చుట్టూ బెరడు పూర్తిగా పోతే పై భాగానికీ వేరుకూ సంబంధం తెగి, మొక్క నిలువునా ఎండిపోతుంది.

ఇదంతా తెలిసిన రైతుల తోటలు కూడా ఎందుకు పోతున్నాయి? జాగ్రత్త లేక కాదు, కాపలాను పైరు లెక్కలో వేసుకోవడం వల్ల. రాయలసీమ మెట్టలో రాయని కట్టుబాటు ఒకటుంది. వేరుశనగో జొన్నో కొర్రో చేలో ఉన్నంత కాలం జీవాలు గట్టు దాటకూడదు. దాటితే తగువు, పాత రోజుల్లోనైతే చేలో పడ్డ జీవాలను బంధించే బందెలదొడ్డి. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ఆ దొడ్లకు ఆధారం. పంట ఇల్లు చేరాక మాత్రం చేను అందరిదీ. కొయ్యకాళ్లు, రాలిన ఆకు, గట్టు మీది గడ్డి మందకు వదిలేస్తారు. రాత్రిళ్లు పొలంలో మంద కట్టించుకుని, ఎరువు దక్కినందుకు కాపరికి రైతే ఎదురు డబ్బో గింజలో ఇస్తాడు. నాలుగు నెలలు కాపు, ఎనిమిది నెలలు మేపు అన్న ఈ ఏర్పాటు పైరుకు చక్కగా సరిపోయింది. పండ్ల మొక్క వచ్చి ఆ లెక్కను తప్పించింది. అది కోత లేని పంట. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన, అదీ చాలావరకు జూన్, నవంబరు మధ్యనే పడే కర్నూలు, కడప నేలల్లో మాఘం దాటాక చేనంతా మోడైపోతుంది. మధ్యలో బిందెడు నీళ్లతో రైతు బతికించుకున్న మామిడి మొక్క ఒక్కటే పచ్చగా మెరుస్తుంది. పోసిన నీళ్లే దాన్ని దూరం నుంచి మందకు చూపిస్తాయి.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం తర్వాత సీమలో మెట్ట తోటలకు ఊతం దొరికింది. గుంత తవ్వడానికి, మొక్కకు, మూడేళ్ల నీటికి లెక్క కట్టారు. మంచి పని. కానీ మొక్క తల మేక మూతికి అందనంత ఎత్తుకు చేరడానికి వాన మీదే ఆధారపడ్డ నేలలో నాలుగైదేళ్లు పడుతుంది. నీటి లెక్క ముగిశాక కూడా కాపలా లెక్క మిగిలే ఉంటుంది.

తీగ కంచె వేసుకుంటే సరిపోదా అని ఎవరైనా అడుగుతారు. సరిపోతుంది, వేయగలిగితే. కొలతలు చూద్దాం. 25 అడుగుల ఎడంలో ఎకరాకు 70 మొక్కలు పడతాయి. ఒక్కో మొక్క చుట్టూ మూడడుగుల దూరంలో కంచె కడితే మొక్కకు 19 అడుగులు, మొత్తం 1,300 అడుగులు దాటుతుంది. చదరంగా ఉన్న ఎకరం చుట్టూ కడితే 835 అడుగులు చాలు. నాలుగు ఎకరాలు ఒక్కటిగా చుట్టితే 1,670 అడుగులు, అంటే ఎకరాకు 418. పక్కపక్క కమతాల రైతులు నలుగురు కలిస్తే ఒక్కొక్కరి ఖర్చు సగానికి పడిపోతుంది. రెండెకరాల మెట్ట రైతు ఒంటరిగా రాతి కూసాలు నాటి, మేకపిల్ల దూరని వల కట్టడం ఇప్పటికీ భారమే. పైగా కంచె ఖర్చు మొదటి ఏడాదే పెట్టాలి, కాయ డబ్బు ఐదో ఏటికి గానీ రాదు.

అందుకే ఎక్కువ మంది కంపను నమ్ముకుంటారు. సర్కారు తుమ్మ కంప ఊరి చుట్టూ ఊరికే దొరుకుతుంది, పదునైన ముళ్లతో మేకను ఆపుతుంది. కానీ ఏడాది తిరిగేసరికి చెదలు తినేస్తుంది, ఎండాకాలంలో ఒక్క బీడీ నిప్పు చాలు తోటను అంటించడానికి. దాని కాయలు తిన్న పశువుల పేడలో గింజ చెక్కుచెదరకుండా వచ్చి చేలోనే మొలుస్తుంది కూడా. ఇంతకంటే మన్నికైనది బతికున్న కంచె. పొలం చుట్టూ కందకం తవ్వి, ఆ మట్టి గట్టు మీద కిత్తనార, వాక, గచ్చ వరసగా పెట్టడం పాత పద్ధతి. కందకంలో వాన నీరు ఇంకుతుంది, గట్టు మీది మొక్కకు ఆ చెమ్మే ఆధారం. మొదట చూసిన బీడు చెప్పేది కూడా ఇదే: మేక తినని వాటిని అంచున నిలబెట్టండి. వాటి లోపలి వరసగా సీతాఫలం పెడితే అది అడ్డూ అవుతుంది, కాయా ఇస్తుంది. చిక్కు ఏమిటంటే ఇవి దట్టమై అడ్డు నిలిచేసరికి రెండు మూడేళ్లు గడుస్తాయి. అందుకే తోట వేసే ఏడాదికి ముందే గట్టు పని మొదలుపెట్టాలి. కొందరు ఆకుల మీద పేడనీళ్లు చల్లుతారు. పని చేస్తుంది, వాన పడేదాకా, కొత్త చిగురు వేసేదాకా.

ఇంత కష్టం దేనికి, ఊళ్లో మేకల్ని మాన్పిస్తే పోదా అనే వాదన తరచూ వినిపిస్తుంది. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్‌లో కోటీ 76 లక్షల గొర్రెలు లెక్కకొచ్చాయి, దేశంలో తెలంగాణ తర్వాత స్థానం మనదే. కరువు సీమలో పంట పోయిన ఏడాది ఇంటిని నిలబెట్టేది ఈ జీవాలే. భూమి లేని ఇంటికి రెండు మేకలే బ్యాంకు. వాటిని మాన్పించి పెంచే తోట ఒకరి నోటి కూడు తీసి మరొకరికి పెట్టే తోట, అది న్యాయం కాదు, నిలవదు కూడా. 1970లలో చండీగఢ్ దగ్గరి సుఖోమాజ్రిలో దీనికి మంచి జవాబు దొరికింది. కొండ మట్టి కొట్టుకొచ్చి సుఖ్నా చెరువు పూడిపోతుంటే, నేల సంరక్షణ శాస్త్రవేత్త పి.ఆర్. మిశ్రా ఊరివాళ్లతో కలిసి చిన్న చిన్న మట్టికట్టలు కట్టించారు. కొండ మీద మేపు మానుకున్నందుకు ప్రతి ఇంటికీ, భూమి లేని ఇంటికి కూడా, ఆ నీటిలో వాటా ఇచ్చారు. అక్కడివాళ్లు దాన్ని సామాజిక కంచె అన్నారు. కాపరికి ఏదో ఒకటి దక్కింది కాబట్టే అది నిలిచింది.

మన దగ్గర అలాంటి ఇచ్చిపుచ్చుకోవడం కొత్తేమీ కాదు, మంద కట్టించుకోవడం అదే. దాన్ని తోటకు పొడిగించాలి. మొక్కల వరసల మధ్య వేసిన వేరుశనగ కట్టెనూ, గట్టున పెంచిన అవిశె, సుబాబుల్ రొట్టనూ కోసి కాపరికి ఇవ్వాలి. తోట లేని చేలో మంద కట్టించాలి. నాలుగేళ్ల తర్వాత చెట్ల కింద గొర్రెలను రానిస్తామని ముందే మాట ఇవ్వాలి. పెద్ద తోటలో గొర్రె కలుపు తింటుంది, ఎరువు వేస్తుంది. బయటి ఊళ్ల మందలు ఈ మాట వింటాయా అన్నది గట్టి ప్రశ్నే. వేసవిలో దారిన పోయే మందకు మన ఒప్పందంతో పని లేదు. కానీ అవి ఆగేది, నీళ్లు తాపేది ఊరి కాపరుల మాట మీదే. ఆ కాపరులు తోట వైపుంటే వేరే మందకు దారి చూపేదీ వాళ్లే. అడవి అంచున ఉన్న చెంచు గూడేల్లో మాత్రం ఈ మాట సగమే పని చేస్తుంది. అక్కడ రాత్రిపూట వచ్చే దుప్పికీ కణితికీ కాపరి ఉండడు. ఆ చేలకు వల కంచె సాయం ముందుగా అందాలి.

ఇన్ని చేసినా కొన్ని మొక్కలు మేతకు పోతాయి. అప్పుడు వంగి చూడాల్సింది అంటు కట్టిన చోటు. నేలకు జానెడు ఎత్తున కాండం మీద చిన్న కణుపులా ఉంటుంది. దానికి పైన పచ్చి కొమ్మ ఏమాత్రం మిగిలినా అది ఇంకా మీరు నాటిన బనగానపల్లె మామిడే. నలిగిన కొసను పదునైన కత్తెరతో కోసి, కోత మీద బోర్డో ముద్ద పూసి, కణుపు కింద లేచే పిలకలను గిల్లేయాలి. కణుపు పైన ఏమీ మిగలకపోతే కింది నుంచి వచ్చే చిగురు నాటు మామిడిది. అది ఎంత ఏపుగా పెరిగినా, ఐదేళ్లకు పీచు కాయే కాస్తుంది. దాన్ని పీకేయకుండా ఒక్క చిగురును పెంచి, వానాకాలం చెమ్మలో బనగానపల్లె పుల్లతో అక్కడికక్కడే మళ్లీ అంటు కట్టించాలి. వేరు అప్పటికే లోతుకు దిగి ఉంటుంది కాబట్టి, అదే గుంతలో కొత్తగా నాటిన మొక్క కంటే ముందే పుంజుకుంటుంది.