మృగశిర మొక్కలు మనకు నిలవవు

మృగశిర కార్తె రాగానే పెరట్లో మొక్కలు నాటడం చాలామందికి అలవాటు. తెలంగాణలో అది సరైన అదనే, ఉదయగిరి, ఆత్మకూరు వైపు మాత్రం కాదు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వల్ల, బంగాళాఖాతం వాయుగుండాల వల్ల. తీరం వదిలి వెలిగొండల దిక్కుకు వచ్చేకొద్దీ ఆ వాన కూడా పలచబడుతుంది. జూన్‌లో ఒకటి రెండు జల్లులు పడినా వెనకాలే వేడిగాలి వీచి పైమట్టిని ఆరబెట్టేస్తుంది. అప్పుడు నాటిన మొక్క సెప్టెంబరు దాకా బిందె నీళ్ల మీదే బతకాలి. అదే చిత్త, స్వాతి కార్తెల్లో, అంటే అక్టోబరు రెండో వారం దాటాక నాటితే ముందు వాన, ఆపైన చలి. ఎండలు ముదిరేలోగా వేరు లోతుకు దిగడానికి నాలుగైదు నెలల గడువు దొరుకుతుంది.

తుపాను వానకు వేళ్లు కుళ్లిపోవా అని అడగవచ్చు. నిజమే, మునగ, నిమ్మ నీటి నిలవను ఓర్చుకోలేవు. అందుకు మందు కార్తె మార్చడం కాదు, మట్టి ఎగదోసి మిట్ట మీద నాటడం. నిమ్మకైతే మొదలు చుట్టూ చిన్న గట్టు పోసి, నీళ్లు దాని వెలుపలి పాదులోనే నిలిచేలా చూడాలి. మొదలు తడిస్తే బంకతెగులు వస్తుంది. పెన్న మీద 78 టీఎంసీల సోమశిల పక్కనే ఉండగా నీళ్ల విషయంలో ఈ పొదుపు ఎందుకన్నది ఇంకో వాదన. ఆ నీళ్లు కాలువ పారినంత మేరకే. ఉదయగిరి మెట్టకు బోర్లే ఆధారం, వాటిలోనూ కొన్ని ఊళ్లకు ఫ్లోరైడ్ బెడద. తాగే నీటిని లాన్ గడ్డికి పోయడం ఇక్కడ సోకు కాదు, దుబారా.

కడియం నర్సరీల క్రోటన్లు అందంగానే ఉంటాయి, కానీ అవి డెల్టా తేమలో పెరిగినవి. ఇక్కడ సీతాఫలం, ఉసిరి, రేగు, కరివేపాకు, గన్నేరు, కాగితంపూలు నమ్మదగినవి. సీతాఫలం వేసవిలో ఆకు రాల్చి దాహాన్ని తగ్గించుకుంటుంది, ఎండిపోయిందనుకుని పీకేయకండి. తొలి ఏడాది ఎండలకు మొక్క పక్కన మట్టికుండను మెడదాకా పాతి, నీళ్లు నింపి, మూత పెట్టండి. చుట్టూ మట్టి ఆరేకొద్దీ కుండ నీరు ఊరి వేళ్లకు అందుతుంది. రంగు వేసిన కుండ పనికిరాదు. పైన వేరుశనగ పొట్టు పరిస్తే తడి ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. గుంటలు మాత్రం మే నెలలోనే తవ్వి ఎండకు వదిలేయండి. దసరాకు ముందు పశువుల ఎరువు, మట్టి కలిపి పూడ్చుకుంటే వాన రాగానే నాటడమే పని.