కాగితపు పొట్లం నుండి ఇత్తడి గొట్టం దాకా: తూటా చరిత్ర

మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థి “కార్తూస్” అంటాడు. తెలుగు చదివే విద్యార్థి “తూటా” అంటాడు. వస్తువు ఒక్కటే. కార్తూస్ అనే మాట ఐరోపా భాషల నుండి మనకు సంక్రమించింది. దానికి మూలం కాగితమని అర్థమిచ్చే లాటిన్ పదం “కార్తా”. దానికీ మూలం గ్రీకు పదం “ఖార్తేస్”. ఆ గ్రీకు పదమే అరబ్బీలో ప్రవేశించి, కాగితమనే అర్థంలోనే “ఖిర్తాస్” అయింది. అనగా విద్యార్థి వ్రాసుకునే ఖిర్తాసు, సిపాయి నడుమున కట్టుకునే కార్తూసు ఒకే మూలం నుండి పుట్టిన మాటలు. ఈ బంధుత్వం మాటలతో ఆగలేదు. తూటా మొదట నిజంగా కాగితపు పొట్లమే. ఆ పొట్లం ఇత్తడి గొట్టంగా మారిన క్రమాన్ని, ఆ మార్పు వల్ల గుండు వేగానికీ గురికీ కలిగిన భేదాన్ని, నడుమ మన దేశ చరిత్రపై అది వేసిన ముద్రను ఈ వ్యాసంలో వివరింప ప్రయత్నిస్తాము.

పూర్వపు మస్కెట్ తుపాకి గొట్టం లోపల నునుపుగా ఉండేది. గుండ్రని సీసపు గుండు గొట్టం కంటె కొంచెం చిన్నదిగా ఉండటం వల్ల దానిని మూతి నుండి సులభంగా దింపవచ్చు. కాని పేలినప్పుడు అది గోడలకు తగులుతూ వెలువడేది; వంద గజాలు దాటిన పిమ్మట దాని గురి నమ్మదగినది కాదు. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు కోసినట్లయితే గుండు బొంగరం వలె తిరుగుతూ స్థిరంగా పోతుందని చాలకాలం నుండి తెలిసినదే. అయితే గాడులను పట్టుకొనేటంత బిగువైన గుండును మూతి నుండి దింపటం శ్రమతోనూ ఆలస్యంతోనూ కూడిన పని.

ఈ చిక్కును 1849లో ఫ్రెంచి సైనికాధికారి క్లాడ్ ఎత్యెన్ మినియే విడదీశాడు. ఆయన గుండు కోసుగా ఉండి, అడుగు భాగం బోలుగా ఉంటుంది. అది వదులుగా లోపలికి దిగుతుంది. మందు పేలగానే వాయువుల ఒత్తిడికి అడుగు అంచు విచ్చుకొని గాడులను పట్టుకుంటుంది. ఈ సూత్రంపైనే బ్రిటిషు వారి 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తయారయింది.

దాని తూటా కాగితపు గొట్టం. ఒక భాగంలో కొలిచి పోసిన నల్లమందు, మరొక భాగంలో సుమారు 34 గ్రాముల సీసపు గుండు ఉండేవి. గుండు సులభంగా దిగటానికి, మందు మసి గట్టిపడకుండటానికి ఆ కొనకు కొవ్వు, మైనం కలిపి పూసేవారు. సిపాయి తూటా కొనను పళ్ళతో చించి, మందును గొట్టంలో పోసి, తూటాను తిరగవేసి, గుండును ఇనుప కడ్డీతో దట్టించాలి. యంత్రశాస్త్రం దృష్టిలో ఇది చక్కని ఏర్పాటే. కాని ఆ తూటా ఎవరి నోటికి తగులుతుందో దానిని పంపినవారు ఆలోచించలేదు.

1857 జనవరిలో కలకత్తా సమీపాన డమ్‌డమ్‌లో, ఆ పూత ఆవు కొవ్వు, పంది కొవ్వు అనే వార్త పుట్టింది. హిందువులకు ఒకటి నిషిద్ధం, ముస్లిములకు రెండవది హరాం. సిపాయిలు తమకు నచ్చిన పూత తామే పూసుకోవచ్చునని, పళ్ళకు బదులు చేతితో చించవచ్చునని అధికారులు అటు పిమ్మట అనుమతించారు. పరిష్కారం అంత సులభమైనదే. అయితే అది వచ్చేనాటికే విశ్వాసం సడలిపోయింది. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది ఆశ్వికులు తూటాలను తాకలేదు. వారిలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. వారికి ఇవ్వజూపినవి పాత రకపు తూటాలేనని చరిత్రకారులు చెబుతారు. అప్పటికి అనుమానం తూటాను దాటి, దానిని ఇచ్చిన చేతిపైకి వెళ్ళింది. మే 10న తిరుగుబాటు చెలరేగింది. జులై 17న మన హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్‌ల నాయకత్వాన కోఠీలోని రెసిడెన్సీపై దాడి జరిగింది. నేడు అది మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణం. ఆ మహోద్యమానికి తూటా ఒక్కటే కారణమనటం సరికాదు. 1856లో అవధ్ రాజ్యాన్ని కలుపుకోవటం మొదలైన కారణాలెన్నో ఉన్నాయి. పేరుకొన్న మందుకు తూటా నిప్పురవ్వ అయిందనటం సత్యం.

అనంతరం తూటా రూపం త్వరత్వరగా మారింది. 1860ల చివరి సంవత్సరాలలో బాక్సర్ రూపొందించిన తూటాలో మందు, గుండు, నిప్పుపుట్టించే మూత అన్నీ ఒకే లోహపు గొట్టంలో ఇమిడాయి. దానిని తుపాకి వెనుక నుండి పెట్టవచ్చు; పళ్ళతో పని లేదు. 1871లో మార్టినీ హెన్రీ రైఫిల్ వచ్చింది. 1884లో ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వియేల్ పొగలేని మందును కనుగొన్నాడు. దానితో తక్కువ మందుకే ఎక్కువ వేగం లభించి, గుండును సన్నగా, తేలికగా చేయటం సాధ్యమయింది. బ్రిటిషు వారి ప్రసిద్ధమైన త్రీ నాట్ త్రీ తూటా 1888లో నల్లమందుతోనే మొదలై, కొద్ది సంవత్సరాలకే కార్డైటుకు మారింది.

ఈ మూడింటిని లెక్కలతో పోల్చి చూద్దాము. ఎన్‌ఫీల్డ్ గుండు బరువు 34 గ్రాములు, మూతి వద్ద వేగం సెకనుకు సుమారు 270 మీటర్లు. మార్టినీ హెన్రీ గుండు 31 గ్రాములు, వేగం 410 మీటర్లు. 1910 నాటి త్రీ నాట్ త్రీ గుండు 11.3 గ్రాములు, వేగం 744 మీటర్లు. గతిజశక్తి ద్రవ్యరాశిని బట్టి ఒక్క మారు, వేగాన్ని బట్టి రెండు మార్లు పెరుగుతుంది. అందువల్ల బరువు మూడవ వంతుకు తగ్గినా, శక్తి సుమారు 1,240 జౌళ్ళ నుండి 3,130 జౌళ్ళకు పెరిగింది.

గురి సంగతి చూద్దాము. గుండు మూతిని వదలిన క్షణం నుండే భూమి వైపు పడుతూ ఉంటుంది. గాలి నిరోధాన్ని విడిచి లెక్కిస్తే, వంద మీటర్లు పోయేసరికి ఎన్‌ఫీల్డ్ గుండు 67 సెంటీమీటర్లు, మార్టినీ హెన్రీ గుండు 29 సెంటీమీటర్లు, త్రీ నాట్ త్రీ గుండు 9 సెంటీమీటర్లు క్రిందికి దిగుతాయి. దూరాన్ని అంచనా వేయటంలో పొరపాటు జరిగినా వేగవంతమైన గుండుకు గురి అంతగా తప్పకపోవటానికి ఇదే కారణం. అయితే సన్నని పొడవైన గుండు స్థిరంగా పోవాలంటే బొంగరం మరింత వేగంగా తిరగాలి. ఎన్‌ఫీల్డ్ గాడులు 78 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే, త్రీ నాట్ త్రీ గాడులు పది అంగుళాలకే ఒక చుట్టు తిరుగుతాయి. గొట్టం వీడునప్పుడు ఆ గుండు సెకనుకు సుమారు 2,900 చుట్లు తిరుగుతుందన్నమాట.

డమ్‌డమ్ పేరు చరిత్రలో మరొకసారి వినబడింది. 1890లలో అక్కడి ఆయుధశాలలో, శరీరంలో తగలగానే కొన విచ్చుకొని ఘోరమైన గాయం చేసే గుండ్లను తయారు చేశారు. 1899లో హేగ్ సమావేశం యుద్ధాలలో అటువంటి గుండ్లను నిషేధించింది. శాస్త్రం చేయగలిగినదంతా చేయదగినది కాదని దేశాలు కొంతవరకైనా అంగీకరించిన సందర్భమది.

విద్యార్థులలో కొందరు రేపు ఇంజనీర్లు, అధికారులు కావచ్చు. ఎన్‌ఫీల్డ్ తూటా కొలతలలో లోపం లేదు. గుండు సరిగా దిగింది, సరిగా పోయింది. లోపించినది ఒక్క ప్రశ్న: దీనిని వాడేవాడు ఎవడు, అతని మనస్సు ఎట్టిది? ఆ ప్రశ్న వేయటానికి ఖర్చు లేదు. వేయనందుకు పడిన మూల్యం ఎంతటిదో మీరట్ నుండి మన కోఠీ దాకా చరిత్ర చెబుతూనే ఉన్నది. ఏ శాస్త్రాన్ని అభ్యసించినా, లెక్క పూర్తయిన తరువాత ఈ ప్రశ్నను కూడ వేసుకోవలసినదిగా విద్యార్థులను కోరుతున్నాము.