దీవి కావాలంటే సాకు దొరుకుతుంది

రాయవేలూరులో కన్నుమూసిన లంక రాజు, ఆయన్ను దించిన 12 షరతుల కాగితం

గ్రీన్‌లాండ్ తమకు కావాలని ట్రంప్ పట్టుబట్టాక, పెద్ద దేశాల కన్ను దీవుల మీద ఎందుకు పడుతుందన్న ప్రశ్న వచ్చింది. జవాబు కోసం మంచు దేశందాకా పోనక్కర్లేదు. అంగళ్లులో బస్సెక్కి మదనపల్లె, పుంగనూరు, చిత్తూరు దాటితే రాయవేలూరు. మనవాళ్లు సీఎంసీ ఆస్పత్రికి పోయే ఊరే. అక్కడ పాలారు ఒడ్డున ముత్తు మండపంలో లంకలోని క్యాండీ రాజ్యపు ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహ సమాధి ఉంది. మధుర నాయకుల బంధువర్గంగా 1739లో లంక గద్దెనెక్కిన వంశం ఆయనది. వాళ్ల మూలాలు తెలుగువి. వేలూరు కోటలో బ్రిటిషువాళ్ల ఖైదీగా ఉంటూ 1832 జనవరి 30న పోయాడు.

ఆయన్ను దించిన కాగితం 1815 మార్చి 2 నాటి క్యాండీ ఒడంబడిక. ఒకవైపు గవర్నర్ రాబర్ట్ బ్రౌన్‌రిగ్, మరోవైపు క్యాండీ సర్దార్లు. మొదట రాజు దుర్మార్గాల ఏకరువు. రెండో షరతుతో ఆయన పదవి పోయింది, ఆయన వంశానికి గద్దె మీద హక్కూ పోయింది. మూడోది మరీ కఠినం. రక్తసంబంధమైనా పెళ్లి సంబంధమైనా సరే, రాజుగారి చుట్టమని చెప్పుకునే మగవాడు ప్రతి ఒక్కడూ శత్రువే. రాతపూర్వక అనుమతి లేకుండా క్యాండీలో అడుగుపెడితే సైనిక చట్టమే. నాలుగోది అధికారాన్ని బ్రిటిష్ రాజుకు కట్టబెట్టింది. ఐదోది బౌద్ధానికి అభయమిచ్చింది, ఆరోది చిత్రహింసలను రద్దు చేసింది. ఇక్కడిదాకా చదివితే ప్రజల్ని ఆదుకోవడానికే వచ్చారనిపిస్తుంది. 11వ షరతుకొచ్చేసరికి రాచపన్నులు బ్రిటిష్ ఖజానాకు మళ్లాయి. 12వది క్యాండీ సరుకు ఎగుమతికి దారి తెరిచింది.

రాజు మంచివాడని నేననను. తిరగబడ్డ మంత్రి ఎహెలేపొల భార్యాబిడ్డల్ని 1814లో చంపించినవాడే. కానీ బ్రిటిష్ సైన్యం క్యాండీ మీదికి 1803లోనే దండెత్తి, దెబ్బతిని వెనక్కొచ్చింది. అప్పటి సాకు వక్కలు! తమ వర్తకుల వక్కల్ని క్యాండీవాళ్లు పట్టుకున్నారట. పన్నెండేళ్లలో సాకు మారింది, కోరిక మారలేదు.

ఆ కోరికకు మూలం లంకలోని ట్రింకోమలీ రేవు. ఈశాన్య రుతుపవనాలప్పుడు చెన్నపట్నంలో ఓడలకు దాపు లేదు, ఆ రేవు లేకపోతే బొంబాయిదాకా పోవాల్సిందే. 1782 జనవరిలో ఆ రేవును డచ్చివాళ్ల నుంచి బ్రిటిషువాళ్లు పట్టుకుంటే, ఆగస్టులో ఫ్రెంచి నౌకాధిపతి సఫ్రెన్ లాక్కున్నాడు. 1795లో రేవు మళ్లీ బ్రిటిషువాళ్లకు, 1796లో కొలంబో కూడా. ఆ తీరాన్ని రెండేళ్లు మద్రాసు నుంచే పాలించారు. తీరమంతా చేతికొచ్చాక నడుమ మిగిలింది క్యాండీ ఒక్కటే, 1815 ఒడంబడికతో అదీ దక్కింది. ఆ ఒప్పందం మీద సంతకం చేసిన సర్దారు కెప్పెటిపొలే బ్రిటిషువాళ్ల మీద 1818 తిరుగుబాటులో చేరాడు. నవంబరు 26న అతని తల తీశారు.

బాక్సు: ఆ రేవు ఇప్పుడు
• 1987 జులై 29న మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే మార్చుకున్న లేఖల్లో, భారత్‌కు హాని కలిగేలా ట్రింకోమలీని ఏ దేశపు సైనిక అవసరాలకూ ఇవ్వకూడదని ఉంది.
• అక్కడి చమురు ట్యాంకుల్లో 2022 ఒప్పందం ప్రకారం 61 రెండు దేశాల ఉమ్మడి సంస్థకు, 14 మన ఇండియన్ ఆయిల్ వారి లంక ఐఓసీకి, 24 శ్రీలంక ప్రభుత్వ సంస్థ సిలోన్ పెట్రోలియంకు.
• లంకలోనే మరో రేవు హంబన్‌టోట 2017లో 99 ఏళ్ల లీజుకు చైనా సంస్థ చేతికి పోయింది.

మనం ఎవరినీ ఖైదు చేయలేదు, నిజమే. కానీ మన లేఖలోనూ రేవు పేరుంది. కాబట్టి ఏ పెద్ద దేశమైనా, అది మనదైనా సరే, పక్క దీవి జనం బాగు కోసమే ఈ తాపత్రయమంతా అంటే, ఒప్పందం మొదటి షరతు దగ్గర ఆగకండి. రేవు ఎవరిది, పన్ను ఎవరికి, సరుకు ఎటు పోతుంది? చివరి షరతుదాకా చదివాకే నమ్మండి.