ఓడలో కేసినో టేబుల్: కొత్తవాళ్ల అపోహలు, అసలు లెక్కలు

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు సెలవుల్లో కరీబియన్ క్రూయిజ్‌కు వెళ్లడం ఇప్పుడు మామూలు సంగతి. డాలస్, హ్యూస్టన్ వాళ్లకు గాల్వెస్టన్ రేవు దగ్గర; మిగతావాళ్లు మయామీకో పోర్ట్ కెనావరల్‌కో చేరుకుంటారు. ఓడ తీరజలాలు దాటాక కేసినో తెరుస్తారు. స్లాట్ మెషీన్ బటన్ నొక్కడానికి ఎవరికీ బెరుకుండదు. పచ్చ గుడ్డ పరిచిన టేబుళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడుగు ముందుకు పడదు. అక్కడ నిలబడి చూస్తున్న కాసేపట్లో చుట్టుపక్కల నుంచి వినిపించే సలహాల్లో చాలావరకు తప్పులే. డబ్బుతో ముడిపడిన తప్పులు కనుక వాటిని విప్పి చూడాలి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. టేబుల్ ఆటలు ఒక పూటలో ఎవరైనా నేర్చుకోవచ్చు, నేర్చుకుంటే సరదాగా ఉంటాయి కూడా. అయితే వాటిలో గెలిచే విద్యను అలా ఒక పూటలో నేర్పేవారు ఎవరూ లేరు. ఏ ఆట గంటకు మన దగ్గర ఎంత తీసుకుంటుందో లెక్క కట్టడం మాత్రం నేర్చుకోవచ్చు. కొత్తవాళ్లు మొదట పట్టుకోవలసింది ఆ లెక్కనే.

అపోహ: ఆట పూర్తిగా వచ్చాకే టేబుల్ దగ్గరికి వెళ్లాలి, లేకపోతే నలుగురిలో నవ్వులపాలవుతాం.

చాలా ఓడల్లో, రేవు తగలకుండా రోజంతా సముద్రంలోనే గడిచే మొదటి రోజున, ఆటలు ఉచితంగా నేర్పే తరగతి పెడతారు. సమయం ఆ రోజు కార్యక్రమాల జాబితాలో ఉంటుంది. అది తప్పిపోయినా మధ్యాహ్నం పూట టేబుళ్లు ఖాళీగా ఉంటాయి. "మొదటిసారి ఆడుతున్నాను" అని ఒక్క మాట చెబితే డీలర్ నెమ్మదిగా, అడుగడుగునా చెబుతూ ఆడిస్తారు. రాత్రి భోజనాలయ్యాక మూగే జనంలో ఆ తీరిక దొరకదు.

తెలియాల్సిన మర్యాదలు నాలుగైదే. డబ్బు డీలర్ చేతికివ్వకూడదు, టేబుల్ మీద పెట్టాలి. డీలర్ ఆ నోట్లను పరిచి, లెక్కపెట్టి, చిప్స్ ఇస్తారు. పైకప్పులోని కెమెరాకు ప్రతి నోటూ కనబడాలన్నది నియమం. బ్లాక్‌జాక్‌లో ఇంకో ముక్క కావాలంటే వేలితో టేబుల్ తట్టాలి. చాలనుకుంటే ముక్కల మీదుగా అరచెయ్యి అడ్డంగా ఊపాలి. నోటిమాట చాలదు, ఎందుకంటే రేపు తగాదా వస్తే చూసేది కెమెరా దృశ్యాన్నే. ముక్కలు తెరిచి పంచే టేబుల్‌లో వాటిని ముట్టుకోకూడదు. పంచడం మొదలయ్యాక పందెం కాసిన చిప్స్ మీద చెయ్యి వెయ్యకూడదు. ఇవి తప్పినా ఎవరూ గెంటెయ్యరు, డీలరే మెల్లగా సరిదిద్దుతారు.

అపోహ: నడిసముద్రంలో చట్టం ఉండదు కాబట్టి ఓడ కేసినోల్లో మోసం ఉంటుంది.

చట్టం లేకుండా పోదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటాక, ఓడ ఏ దేశపు జెండా ఎగరేస్తుందో ఆ దేశపు చట్టం వర్తిస్తుంది. బహామాస్, పనామా, మాల్టా వంటి దేశాల్లో నమోదైన ఓడలే ఎక్కువ. తీరంలోని చట్టం ఎంత గట్టిదో చూడాలంటే హవాయి దీవుల మధ్య తిరిగే 'ప్రైడ్ ఆఫ్ అమెరికా' ఓడ చాలు: ఆ రాష్ట్రంలో జూదం నిషిద్ధం, ఆ ఓడలో కేసినోనే లేదు. అయితే లాస్ వేగాస్‌లోలా ఫిర్యాదు వినడానికి నెవాడా గేమింగ్ కంట్రోల్ బోర్డు అధికారులు ఓడలోకి రారు. ఆ మేరకు ఆ అనుమానంలో కొంత నిజముంది.

అసలు కేసినోకు మోసం చేయాల్సిన అవసరమే లేదు. రౌలెట్ చూడండి. అమెరికన్ చక్రంలో 1 నుంచి 36 వరకు అంకెలు, ఒక సున్నా, ఒక జంట సున్నా కలిపి 38 గదులుంటాయి. ప్రతి గది మీదా ఒక్కో డాలర్ చొప్పున 38 డాలర్లు కాయండి. ఏ అంకె వచ్చినా 35 డాలర్ల గెలుపు, కాసిన డాలర్ వాపసు, మొత్తం 36. రెండు డాలర్లు కేసినోకు మిగిలాయి. అదే 5.26 శాతం. దీన్నే హౌస్ ఎడ్జ్ అంటారు. ఒకే సున్నా ఉన్న యూరోపియన్ చక్రంలో 37 గదులు కనుక అది 2.70 శాతానికి తగ్గుతుంది. మూడు సున్నాల చక్రంలో 7.69 శాతానికి పెరుగుతుంది. ఇదంతా అందరి కళ్ల ముందే ఉంది. కూర్చునే ముందు చక్రంలో సున్నాలు లెక్కపెట్టుకోవడం మన పని.

అపోహ: వరసగా ఎరుపే వస్తోంది, ఇక నలుపు రావాల్సిందే.

1913 ఆగస్టు 18న మాంటే కార్లో కేసినోలో బంతి వరసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది. ఇక ఎరుపు తప్పదంటూ పందేలు పెంచుకుంటూ పోయినవాళ్లు ఆ రాత్రి భారీగా పోగొట్టుకున్నారు. బంతికి జ్ఞాపకశక్తి లేదు. అయినా ఇప్పటికీ రౌలెట్ టేబుల్ పక్కన గత ఫలితాలను బోర్డు మీద వెలిగించి చూపిస్తారు, జనం వాటిని చదివి పందెం కాస్తారు. ఆ బోర్డులో మన తర్వాతి పందేనికి పనికొచ్చే సమాచారం ఏమీ లేదు.

దీనికి తోడబుట్టినది ఓడినప్పుడల్లా రెట్టింపు కాసే పద్ధతి. 10 డాలర్లతో మొదలుపెట్టి 20, 40, 80, 160, 320 కాసి ఆరూ ఓడితే పోయేది 630 డాలర్లు. తర్వాత కాయాల్సింది 640. టేబుల్ గరిష్ఠ పరిమితి 500 అయితే దారి అక్కడితో మూసుకుపోయినట్టే. రెండు సున్నాల చక్రంలో ఎరుపు నలుపుల మీద వరసగా ఆరుసార్లు ఓడే అవకాశం దాదాపు 47లో ఒకటి. అంత అరుదేమీ కాదు. పైగా ఈ 630ని పణంగా పెట్టింది 10 డాలర్ల లాభం కోసం.

అపోహ: చిన్నప్పటి నుంచి పేకాడుతున్నాం, మాకు ఇదొక లెక్కా?

మనవాళ్ల విషయంలో నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగ కలిగించేది ఇదే. మన ఇళ్లలో పేకాట అంటే మొదట రమ్మీ. అందులో నైపుణ్యం ఉందన్న మాట నిజం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ కేసులో 1968లో సుప్రీంకోర్టే రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని చెప్పింది. మూడు ముక్కలాటతో సమానం కాదంది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఎదుటివాడు ఏం ఎత్తుకున్నాడో గమనించడం, సమయానికి డ్రాప్ కావడం, ఇవన్నీ సాటి మనుషుల మీద పనిచేసే తెలివి. కేసినో టేబుల్‌లో ఎదురుగా ఉన్న డీలర్‌కు సొంత నిర్ణయాలు లేవు.

అందరూ మొదట చేరేది త్రీ కార్డ్ పోకర్ దగ్గరికి, మూడు ముక్కలాటలా కనబడుతుంది కాబట్టి. మొదట యాంటీ అనే పందెం కాస్తారు. మూడు ముక్కలు చూసుకుని, వద్దనుకుంటే ఆ పందెం వదులుకుంటారు, ఆడదలిస్తే అంతే మొత్తం మళ్లీ కాస్తారు. డీలర్‌కు కనీసం రాణి పడితేనే పోటీ. పడకపోతే యాంటీకి సమానంగా చెల్లించి రెండో పందెం తిరిగిచ్చేస్తారు. ఇక్కడ బ్లైండ్ ఆడి భయపెట్టడానికి ఎవరూ లేరు. షో అడగడం లేదు. మొహం చదవడానికి మొహమే లేదు. లెక్క ప్రకారం రాణి, 6, 4 లేదా అంతకంటే పెద్ద చెయ్యి ఉంటే ఆడాలి, లేకపోతే వదిలెయ్యాలి. నైపుణ్యమంతా అంతే. అలా తప్పు లేకుండా ఆడినా యాంటీ మీద కేసినోకు సుమారు 3.4 శాతం మిగులుతుంది.

ముక్కల విలువలోనూ తేడా ఉంది. మన ఆటలో ఒకే విలువ ముక్కలు మూడు పడితే అన్నిటికంటే పెద్దది, దాని తర్వాత ప్యూర్ సీక్వెన్స్. ఇక్కడ తలకిందులు: ప్యూర్ సీక్వెన్సే పెద్దది. 52 ముక్కల్లో మూడేసి చొప్పున 22,100 రకాలుగా పడతాయి. అందులో ప్యూర్ సీక్వెన్సులు 48, మూడూ ఒకే విలువవి 52. తక్కువగా వచ్చేదానికే ఎక్కువ విలువ అన్న లెక్కకు త్రీ కార్డ్ పోకర్ వరసే సరిపోతుంది. ఆసు, 2, 3 మన దగ్గర రెండో పెద్ద సీక్వెన్స్ అయితే, ఇక్కడ అన్నిటికంటే చిన్నది. దీన్ని మరిచి గెలిచామని చెయ్యి చాచినవాళ్లు నిరాశపడక తప్పదు.

అపోహ: బ్లాక్‌జాక్ అంటే 21కి వీలైనంత దగ్గరగా వెళ్లడం.

లక్ష్యం డీలర్‌ను మించడం. డీలర్ 16 వరకు ముక్క తీసుకోవాల్సిందే, 17 దగ్గర ఆగాల్సిందే. ఆసును 11గా లెక్కేసిన 17 దగ్గర మాత్రం టేబుల్‌ను బట్టి నియమం మారుతుంది. కాబట్టి డీలర్ తెరిచిన ముక్క 4, 5, 6 అయితే మన 12తోనే ఆగిపోవడం తెలివి, ఎందుకంటే 21 దాటిపోయే ప్రమాదం అప్పుడు డీలర్‌కే ఎక్కువ. ఏ పరిస్థితిలో ఏం చెయ్యాలో 1956లోనే నలుగురు అమెరికన్ సైనికులు, బాల్డ్విన్, కాంటీ, మైసెల్, మెక్‌డెర్మట్, మామూలు లెక్కల యంత్రాలతో కట్టి ఒక గణాంక పత్రికలో ప్రచురించారు. ఆ పట్టిక అచ్చువేసిన కార్డును చాలా కేసినోల్లో టేబుల్ దగ్గరే చూసుకుంటూ ఆడనిస్తారు. అది కాపీ కొట్టడం కిందికి రాదు, సిగ్గుపడాల్సిన పని లేదు. ముక్కలు లెక్కపెట్టి గెలిచే పద్ధతిని ఎడ్వర్డ్ థోర్ప్ 1962లో పుస్తకంగా రాశారు గానీ, ఆగకుండా ముక్కలు కలిపే యంత్రం ఉన్న టేబుల్‌లో అది పనికిరాదు.

కూర్చునే ముందు గుడ్డ మీద అచ్చయిన ఒక వాక్యం చదవండి. బ్లాక్‌జాక్‌కు, అంటే ఆసుతో పాటు పది విలువ ముక్క పడితే, 3:2 ఇస్తారా, 6:5 ఇస్తారా? 10 డాలర్ల పందేనికి మొదటిది 15 ఇస్తుంది, రెండోది 12. అలాంటి చెయ్యి 21 పంపకాల్లో ఒకసారి పడుతుంది. ఆ మూడు డాలర్ల తేడా వల్ల హౌస్ ఎడ్జ్ ఇంచుమించు 1.4 శాతం పెరుగుతుంది. పట్టిక ప్రకారం ఆడేవారికి మంచి టేబుల్‌లో అది అర శాతం ఉంటే, 6:5 టేబుల్‌లో రెండు శాతానికి చేరుతుంది. 15 డాలర్ల చొప్పున గంటకు 60 చేతులు ఆడితే కాసేది 900 డాలర్లు. సగటు నష్టం ఒకచోట నాలుగున్నర డాలర్లు, మరోచోట 18. ఓడల్లో 6:5 టేబుళ్లు విరివిగా ఉంటాయి. పక్క టేబుల్‌కు మారడంతో మిగిలే డబ్బు ఏ అదృష్టపు రంగూ, ఏ అచ్చొచ్చిన కుర్చీ మిగల్చదు.

చివరి కుర్చీలో కూర్చున్న కొత్తవాడు తప్పుగా ముక్క తీసుకుని టేబుల్‌ అంతటినీ ముంచాడని విసుక్కునేవాళ్లుంటారు. కట్టలో తర్వాతి ముక్క ఏదో ఎవరికీ తెలియదు. అతను తీసుకున్నది డీలర్‌ను ఎంత కాపాడవచ్చో అంతే ముంచవచ్చు. సగటున మీ ఫలితం మారదు. ఆ కొత్తవారు మీరే అయితే క్షమాపణ చెప్పకండి. డీలర్‌కు ఆసు కనబడగానే అడిగే ఇన్సూరెన్స్ మాత్రం తీసుకోకండి. పేరు బీమా గానీ, డీలర్‌కు పది పడుతుందని కాసే విడి పందెం అది. కేసినోకు అందులో సుమారు ఏడు శాతం మిగులుతుంది.

అపోహ: క్రాప్స్ మనకు అర్థం కాదు.

టేబుల్ మీది గీతలన్నీ నేర్చుకోనక్కర్లేదు. పాస్ లైన్ ఒక్కటి చాలు. రెండు పాచికల మొదటి విసురులో మొత్తం 7 లేదా 11 వస్తే గెలుపు. 2, 3, 12 వస్తే ఓటమి. మరేదైనా వస్తే 7 కంటే ముందు అదే అంకె మళ్లీ పడాలి. హౌస్ ఎడ్జ్ 1.41 శాతమే. మధ్యలో రంగురంగుల బొమ్మలతో ఉండే పందేలకు దూరంగా ఉండండి. తర్వాతి విసురులో 7 పడుతుందని కాసే పందెంలో అది 16.67 శాతం.

అపోహ: కేసినోలో తాగడం, తినడం ఉచితం, ఓడ కార్డు గీకితే నగదుతో సమానం.

ఆడేవారికి ఉచితంగా మద్యం ఇవ్వడం లాస్ వేగాస్ అలవాటు. ఓడల్లో సాధారణంగా డబ్బు కట్టాల్సిందే, బాగా ఖర్చుపెట్టి కేసినో సభ్యత్వంలో పై మెట్టు ఎక్కినవారికి తప్ప. గది ఖాతాకు రాయించి చిప్స్ తీసుకుంటే చాలా కంపెనీలు కొంత శాతం రుసుము కలుపుతాయి. ఆట మొదలుకాకముందే పడే నష్టం ఇది. పోగొట్టుకోగలిగినంత నగదు ఇంటి నుంచే విడిగా తెచ్చుకుని, దానితోనే ఆడటం మేలు.

అపోహ: సముద్రం మీద గెలిచిన డబ్బుకు పన్ను ఉండదు.

అమెరికాలో పన్ను పరంగా నివాసి అయినవారు ప్రపంచంలో ఎక్కడ గెలిచినా ఆదాయంలో చూపాలి. భారత్‌లో పన్ను పరంగా నివాసి అయినవారికి జూదపు గెలుపు మీద 30 శాతం, దానిపై సెస్సు, వర్తిస్తే సర్‌చార్జి పడతాయి. నిన్న ఓడింది చూపించి ఇవాళ్టి గెలుపులోంచి తీసివేయడం అక్కడ కుదరదు.