విక్రమార్కుడి నడక ఎప్పటికి ఆగుతుంది?
భేతాళ కథల మీద కోనసీమ పల్లెలో తెగని తగవు

(మా గ్రామీణ విలేఖరి)

పట్టు వదలని విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని బయలుదేరి ఎన్నేళ్ళయింది? ఆయన చేరవలసిన చోటుకు చేరాడా, లేదా? కోనసీమలో ఒక చిన్న వూరి గ్రంథాలయం అరుగు మీద పది రోజులుగా యిదే తగవు. కొబ్బరికాయ ధర, కాలవ నీళ్ళ సంగతి ప్రస్తుతానికి వెనక్కి పోయాయి.

తగవుకు మూలం మూడు గోనె సంచులు. పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన వూళ్ళో యిల్లు అమ్మేసి హైదరాబాదులో కొడుకు దగ్గరకు వెళ్ళిపోతున్నారు. ఏడాదికొక బైండు చొప్పున కుట్టించి దాచుకున్న పాత ‘చందమామ’లు, యిరవై రెండు సంపుటాలు, గ్రంథాలయానికి యిచ్చారు. పాత కాగితాలవాడు కిలో లెక్కన అడిగాడట. “తూకం వేసి అమ్మడానికి చింతపండా?” అని పంపించేశారట. అయితే గ్రంథాలయంలో వున్నది ఒకటే బీరువా. దాని పై అరలోకి వానాకాలం నీరు దిగుతుంది. అందుచేత సంచులు యిప్పటికీ బల్ల కిందే వున్నాయి. మన యింటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నామన్న సంగతి యీ సందర్భంలో ఒకరిద్దరు గుర్తు చేశారు.

సంచిలోంచి ఎవరు ఏ బైండు లాగినా, వేలు ముందుగా భేతాళ కథ దగ్గరే ఆగుతోంది. చదివినవాళ్ళు అరుగు మీదికి వచ్చి కూర్చుంటున్నారు. కూర్చున్నాక తగవు.

యిరవై అయిదు దాటినా ఆగలేదు

తెలియని పిల్లల కోసం నాలుగు మాటలు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసు నుంచి ‘చందమామ’ మొదలుపెట్టారు. 1950ల నడిమి నుంచి అందులో భేతాళ కథలు వచ్చాయి. అసలు సంస్కృతంలో వున్నవి యిరవై అయిదే. ‘పంచవింశతి’ అంటేనే యిరవై అయిదు. నెలకొకటి చొప్పున వేస్తే రెండేళ్ళ పైన ఒక నెలకు సరి. కానీ కథ అక్కడ ఆగలేదు. 1952 నుంచి 1980 ఆగస్టులో కన్నుమూసేదాకా పత్రిక భారం మోసిన కొడవటిగంటి కుటుంబరావుగారి హయాంలో పాత కథకు కొత్త భాగాలు పుట్టుకొచ్చాయి. వేరే కథ ఒకటి తీసుకోవడం, చివర ఒక చిక్కుప్రశ్న పెట్టడం, రాజు చేత జవాబు చెప్పించడం, శవం మళ్ళీ చెట్టెక్కడం. ఆయన తర్వాత కూడా అదే వరస. అలా వందల కథలయ్యాయి. 2012 తర్వాత పత్రికే ఆగిపోయింది. రాజు మాత్రం దారిలోనే వున్నాడు.

“యిది పాఠకుణ్ణి మోసం చెయ్యడం కాదాండీ?” అంటాడు గ్రంథాలయం ఎదురుగా టీ హోటలు నడిపే ఆయన. “బస్సు ఎక్కించుకుని టిక్కెట్టు కొట్టి, వూరు రాకుండా తిప్పుతూ వుంటే వూరుకుంటామా? రెండు తరాలవాళ్ళు డబ్బిచ్చి కొన్నారు. ఒక్క నెల, ఒక్క పేజీలో ఆఖరు చెప్పేస్తే పోయేది కదా!”

ఆయన మాటకు మద్దతు బాగానే వుంది. మగవాళ్ళలో ఎక్కువమంది అటే. కుట్టుమిషను మీద బతికే ఒక గృహిణి మాత్రం ఒప్పుకోలేదు. “ఆఖరు వద్దు. మా నాన్న పొలం నుంచి వచ్చి లాంతరు దగ్గర చదివి వినిపించేవాడు. శవం చెట్టెక్కిందంటే వచ్చే నెల మళ్ళీ కథ వుందని ధీమా. అది ఎక్కకపోతే మాకు ఏడుపొచ్చేది,” అని ఆమె అన్నారు. చదువుకోవడానికి ఆమెకు మూడో తరగతి దాటలేదు. చందమామ మీదే చదవడం నిలబెట్టుకున్నానని చెప్పారు.

మొదటి కథలు చదివినవాళ్ళు తర్వాతి వాటిని అంత మెచ్చుకోవడం లేదన్నది కూడా చెప్పాలి. హైస్కూలులో తెలుగు చెప్పి రిటైరైన మేష్టారి అభిప్రాయం కాస్త ఘాటుగానే వుంది. “పాత కథల్లో ప్రశ్న కథలోంచే మొలుస్తుంది. ముగ్గురు ఒకే అమ్మాయిని ప్రేమించారు, ఆమె చచ్చిపోతే ఒకడు బూడిద కాపలా కాశాడు, ఒకడు ఎముకలు గంగకు మోశాడు, ఒకడు మంత్రం తెచ్చి బతికించాడు. భర్త ఎవరు? ఆ ప్రశ్న అడక్కుండా వుండలేం. తర్వాత రాసిన వాటిలో కొన్నింటికి ప్రశ్న అతుకు వేసినట్టుంటుంది. కథ వేరు, అతుకు వేరు.” యీ విలేఖరి కూడా నాలుగైదు బైండ్లు తిరగేసి చూశాడు. మేష్టారి మాట కొన్నింటి విషయంలో నిజమే. కొన్ని మాత్రం పాతవాటి పక్కన కూర్చోదగ్గవే.

బొమ్మ విషయంలో రెండు పక్షాలకూ పేచీ లేదు. ఒక చేత కత్తి, భుజాన శవం, చుట్టూ చీకటి. శంకర్‌గారు వేసిన ఆ బొమ్మ చూసి రాత్రిపూట పెరట్లోకి వెళ్ళడానికి భయపడని పిల్లవాడు మా వైపు లేడు. ఆయన 2020 సెప్టెంబరులో చెన్నైలో కన్నుమూశారు. మరుసటి ఏడు ప్రభుత్వం ‘పద్మశ్రీ’ ప్రకటించింది.

మన గోదావరి ఒడ్డు కథే

మూడో రోజు మేష్టారు యింటి నుంచి ఒక లావుపాటి పుస్తకం చంకన పెట్టుకు వచ్చారు. అది ‘కథాసరిత్సాగరం’ తెలుగు వచనం. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు అక్కడి రాణి సూర్యమతి కోసం రాసిన గ్రంథం. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు. ఆయన వూరు వుజ్జయిని కాదు, ప్రతిష్ఠానం. ఆ ప్రతిష్ఠానం గోదావరి ఒడ్డున వుంది. యిప్పుడు మహారాష్ట్రలో పైఠణ్ అంటున్నది అదే. శాతవాహనుల రాజధాని.

యిది విన్నాక అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట దాటి మన కాలవల్లోకి వస్తున్న నీళ్ళు పైఠణ్ మీదుగానే వస్తాయి గదా! “అయితే ఆ రాజు మన పైవూరివాడేనన్నమాట,” అన్నాడు ఒక రైతు. అప్పటిదాకా తగవులో చేరనివాడు ఆ క్షణం నుంచి చేరాడు.

యీ కథలకు మూలం గుణాఢ్యుడి బృహత్కథ అని, ఆయన శాతవాహన రాజు కొలువులో వుండేవాడని కూడా ఆ గ్రంథం చెబుతుందట. బృహత్కథ యిప్పుడు దొరకదు. సోమదేవుడు తిరగ రాసింది దొరుకుతోంది. అంటే మనం చదువుకున్నది మొదటి నుంచీ ఒకరి కథకు యింకొకరి కొనసాగింపే.

ఎనిమిదో తరగతి అమ్మాయి వేసిన ప్రశ్న

తగవును మలుపు తిప్పింది ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి. రెండు బైండ్లు వరసగా చదివి వచ్చి మేష్టారిని అడిగింది.

“మేష్టారూ, జవాబు తెలిసీ చెప్పకపోతేనే కదండీ తల పగిలేది? తెలియకపోతే పగలదు కదా. ఒక్కసారైనా రాజు ‘నాకు తెలీదు’ అని వూరుకుంటే సరిపోయేది కదండీ?”

మేష్టారు పుస్తకం మూసి, తెరిచి, “నువ్వు ఆఖరు పేజీ చదివావా?” అన్నారు. ఆ పిల్ల చదవలేదు. పాత కథ ఆఖరు సరిగ్గా అదే. యిరవై నాలుగో కథ చివర అడిగిన ప్రశ్నకు రాజుకు జవాబు తోచలేదు. తోచలేదు గనక నోరు విప్పలేదు. నోరు విప్పలేదు గనక శవం ఎగిరిపోలేదు. భేతాళుడు మెచ్చి, శవాన్ని తెమ్మన్న భిక్షువు క్షాంతిశీలుడు రాజునే బలి యివ్వబోతున్నాడని రహస్యం చెప్పేశాడు. “సాష్టాంగపడమని అంటాడు. నాకు చాతకాదు, నువ్వు చేసి చూపించమను,” అని వుపాయం కూడా చెప్పాడు. భిక్షువు చూపించడానికి బోర్లా పడుకోగానే రాజు తల నరికాడు. దానితో కథ సమాప్తం.

చందమామలో రాజుకు అన్నీ తెలుసు. ఏ నెల ఏ ప్రశ్న అడిగినా జవాబు సిద్ధం. అందుకే ఆయన యిల్లు చేరలేదని ఆ అమ్మాయి తేల్చింది.

యిక్కడ యీ విలేఖరి తన సంగతి ఒకటి చెప్పుకోవాలి. చిన్నప్పుడు చందమామ చేతికి రాగానే కథ వదిలేసి ఆఖరు పేరా చూసేవాణ్ణి, యీసారైనా శవం ఎగరకుండా వుందేమోనని. 1998లో పత్రిక వున్నట్టుండి ఆగింది. నాకు అప్పుడు పదేళ్ళు. రాజుగారు చేరిపోయారు, అందుకే ఆగింది అనుకున్నాను. నేను కొనని సంచికలో ఆఖరు వచ్చేసి వుంటుందని బస్టాండు కొట్లో రోజూ అడిగాను. 1999 చివర మళ్ళీ వచ్చింది. తెరిస్తే భుజాన శవమే. సంతోషించానో ఏడ్చానో యిప్పుడు గుర్తు లేదు. పాత కథకు ఆఖరు ఒకటుందని యిన్నేళ్ళకు యీ అరుగు మీద తెలిసింది.

రాజుకు తెలియని ప్రశ్న ఏది?

ఆఖరు తెలిశాక తగవు ఆగుతుందనుకుంటే పొరపాటు. చందమామ రాజును దించాలంటే ఆయనకు తెలియని ప్రశ్న ఒకటి కావాలి. అది ఏదై వుండాలన్నది కొత్త తగవు. పిల్లలు కాగితాల మీద రాసి తెస్తున్నారు. ఎక్కువ లెక్కల ప్రశ్నలే. కోడి ముందా గుడ్డు ముందా అన్నవాళ్ళు అయిదుగురు.

‘పైవూరి రాజు’ అన్న రైతు రెండెకరాలు కౌలుకు చేస్తున్నాడు. ఆయన ప్రశ్న యిది: “భూమి ఒకడిది. పంట యింకొకడిది. వరదకు చేను మునిగింది. పరిహారం ఎవరికి చెందాలి?” టీ హోటలాయన నవ్వి, “యిది రాజుకు తెలియకపోవడమేంటి? పండించినవాడికే అంటాడు, శవం చెట్టెక్కేస్తుంది,” అన్నాడు. “రాజుకు తెలుసులెండి,” అన్నాడు రైతు. “ఆఫీసులో అడిగి చూడండి. అక్కడ తల పగలదు, నోరూ పెగలదు.” ఆ మాటకు మేష్టారు కూడా జవాబు చెప్పలేదు.

యిక పాత పుస్తకంలో రాజు నోరు మూయించిన ఆ యిరవై నాలుగో ప్రశ్న ఏమిటో వినాలని అందరూ పట్టుబట్టారు. ఆదివారం సాయంత్రం మేష్టారు చదివి వినిపించారు. వినడానికి ఆడవాళ్ళు కూడా వచ్చారు. పోస్టుమాస్టరుగారు ప్రయాణం రెండు రోజులు వాయిదా వేసుకుని మరీ వచ్చి కూర్చున్నారు.

కథ యిది. తండ్రీ కొడుకులు అడవిలో యిద్దరు ఆడవాళ్ళ అడుగుజాడలు చూశారు. పెద్ద పాదాలామెను తండ్రి, చిన్న పాదాలామెను కొడుకు పెళ్ళాడాలని ముందే మాట అనుకున్నారు. తీరా చూస్తే వాళ్ళు తల్లీ కూతుళ్ళు. చిన్న పాదాలు తల్లివి! అన్న మాట తప్పకూడదు గనక తండ్రి కూతుర్ని, కొడుకు తల్లిని చేసుకున్నారు. యిద్దరికీ పిల్లలు పుట్టారు. ఆ పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు?

రాజు యిక్కడే మౌనం వహించాడని మేష్టారు చెప్పి పుస్తకం మూయబోయారు. వెనక స్తంభానికి చేరగిలబడి కూర్చున్న ఒక ముసలమ్మగారు ఆపారు. చుట్టుపక్కల నాలుగు వూళ్ళలో పెళ్ళి సంబంధాలకు వరసలు కలపాలంటే ఆవిడ దగ్గరకే వెళ్ళాలి. ఎనభై దాటాయి.

“దీనికా ఆ రాజు నోరు మూసుకున్నాడు? వినండి. తండ్రికి పుట్టినవాడు ఆ కొడుక్కి తమ్ముడు. అంటే కొడుకు పిల్లాడికి బాబాయి. అవునా? తల్లికి పుట్టినవాడు ఆ కూతురికి తమ్ముడు. అంటే కూతురి పిల్లాడికి మేనమామ. వీడు వాడికి బాబాయి, వాడు వీడికి మేనమామ. అయిపోయింది!”

మేష్టారు వేళ్ళ మీద రెండుసార్లు లెక్క వేసుకుని, సరిగ్గానే వుందన్నారు. పోస్టుమాస్టరుగారు పకపకా నవ్వారు. ఎనిమిదో తరగతి అమ్మాయి మాత్రం రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

“ఎందుకు చెప్పేశావు మామ్మా! శవం మళ్ళీ చెట్టెక్కేసింది!”